వైపర్ మోటారుతో గంగిరెద్దు, కారు అద్దం మిషనుతో హరిదాసు: మేం చేసిన తుక్కు రోబోలు

2023 భోగి తెల్లవారుజామున విజయవాడలో మా పటమట వీధిలో మంట వేసినప్పుడు ఎవరో ఒక పాత చెక్క టీవీ పెట్టె మోసుకొచ్చారు, ముందు రెండు పక్కలకీ జరిగే తలుపులుంటాయే, ఆ రకం. ఇంకో నిమిషంలో మంటలో పడేదే. వీధి చివర టీవీ రిపేరు కొట్టు నడిపే బాబాయ్ వచ్చి దాని మీద చెయ్యి వేసి ఆపేశాడు. "ఇంత మంచి చెక్కని కాల్చుకుంటార్రా ఎవరైనా, ఇటు తెండి" అని భుజానికెత్తుకుని కొట్టుకి పట్టుకుపోయాడు. సరిగ్గా ఏడాదికి ఆ పెట్టె మా బుడబుక్కలవాడికి ఛాతీ అయ్యింది. మధ్యలో జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ బొమ్మలు చూసినవాళ్లందరూ మొదట అడిగేది "ఇవి ఎలా కదులుతున్నాయి" అనే.

మేం నలుగురం. బాబాయ్‌కి అరవై దాటాయి, పేరుకి బాబాయ్ గానీ మాకు స్నేహితుడే. మేస్త్రీ, టీచర్, నేను పదో తరగతి వరకు ఒకే బడి. మేస్త్రీకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది, వెల్డింగ్ వాడి చేతిలో ముగ్గు పెట్టినట్టు పడుతుంది. టీచర్ ఒక స్కూల్లో పిల్లలకి డ్రాయింగ్ చెబుతుంది. నేను లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను, కాబట్టి ఆటోనగర్‌లో ఏ తుక్కు కొట్లో ఏం దొరుకుతుందో నాకు కొంత తెలుసు.

మొదలుపెట్టింది టీచరే. స్కూల్లో పిల్లల్ని రోబో గీయమంటే అందరూ ఒకటే గీశారట, నలుచదరం తల, మీద రెండు యాంటెన్నాలు, గుండ్రటి కళ్లు. "మన ఊరి రోబో ఒక్కటీ లేదు రా అందులో" అని బాధపడింది. తర్వాత బాబాయ్ కొట్లో కూర్చున్నప్పుడు ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ అనే కళాకారుడు 1986లో పాత రేడియో పెట్టెలు, టీవీ పెట్టెలు పేర్చి ఒక రోబోల కుటుంబమే చేశాడు, అందులో తాతకీ నానమ్మకీ బాగా పాతకాలం పెట్టెలు వాడాడు, పిల్లలకి కొత్త టీవీలు. బాబాయ్ ఆ ఫోటో చాలాసేపు చూశాడు. "తాతకి తాత కాలం పెట్టే పెట్టాడు" అన్నాడు, ఇంకేం అనలేదు, లోపలికి వెళ్లి భోగి నాడు కాపాడిన పెట్టె తెచ్చి మా ముందు పెట్టాడు.

తుక్కుతో బొమ్మలంటే మా వైపు కొత్త కాదు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కొడుకు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, గేర్లు అతికించి పెద్ద పెద్ద విగ్రహాలు చేస్తారు, 2021లో వాళ్లు చేసిన 14 అడుగుల మోదీ విగ్రహం వార్తల్లో అందరూ చూసే ఉంటారు. మేస్త్రీ అవి చూసి వచ్చినవాడే. "అలాంటి పోలిక తేవడం నా వల్ల కాదు, కానీ కదిలేది చేద్దాం అంటే వస్తా" అన్నాడు. సరే, కదిలేదే అనుకున్నాం.

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే మొదలుపెట్టే ప్రతివాళ్లూ ఇదే చేస్తారనుకుంటాను. మేం ముందు బొమ్మ గీశాం. టీచర్ చక్కగా గీసింది, చెయ్యి ఇలా లేవాలి, నడుము ఇలా తిరగాలి అని. ఆ గీసినదానికి సరిపోయే సామాను కోసం నేను దాదాపు రెండు నెలలు ఆదివారాలన్నీ తిరిగాను. ఒక మోటారు దొరికితే బలం చాలదు, బలం ఉన్నది దొరికితే వేగం ఎక్కువ, గేరు దొరికితే దానికి జత దొరకదు. తుక్కు కొట్లో మనకి కావలసింది ఉండదు, అక్కడ ఉన్నదే ఉంటుంది.

దసరాకి కొంచెం ముందు ఒక సాయంత్రం మేస్త్రీ షెడ్డులో ఉన్నాం. వాడు ఒక పాత లారీ వైపర్ మోటారు పనిచేస్తుందో లేదో చూద్దామని రాడ్డుతో సహా బ్యాటరీకి తగిలించాడు. మోటారు లోపల గుండ్రంగానే తిరుగుతుంది, కానీ దానికున్న లింకు రాడ్డు వల్ల బయట చెయ్యి మాత్రం ఇటూ అటూ ఊగుతుంది. నిలువుగా పట్టుకున్నాడేమో, అది పైకీ కిందకీ ఊగింది. టీచర్ ఒక్కసారిగా "గంగిరెద్దు!" అంది. అందరికీ కనపడింది. సన్నాయి వినపడుతుంటే అయ్యగారికి దండం పెట్టమంటే తల ఊపుతుందే, అదే ఊపు, తేడా లేదు.

ఆ రోజు నుంచి లెక్క తిరగబడింది. బొమ్మ గీసి సామాను వెతకడం మానేశాం, సామాను తెచ్చి కరెంటిచ్చి అది ఎలా కదులుతుందో చూసి, అలా కదిలేవాళ్లు మనకి తెలిసినవాళ్లలో ఎవరున్నారా అని ఆలోచించడం మొదలుపెట్టాం. ప్రతి పాత యంత్రానికీ ఒక నడక ముందే ఉంటుంది. సంక్రాంతికి మా ఇళ్లల్లో బొమ్మల కొలువు పెడతారు కాబట్టి పండక్కి వీధిలోకి వచ్చేవాళ్లనే చేద్దాం అని తేల్చుకున్నాం: గంగిరెద్దు, బుడబుక్కలవాడు, హరిదాసు.

గంగిరెద్దు ఒంటికి మేస్త్రీ ముందు ఒక స్కూటర్ పెట్రోలు ట్యాంకు చూసి, వెంటనే పక్కన పెట్టేశాడు. ఖాళీ ట్యాంకులో కూడా పెట్రోలు ఆవిరి నిలిచి ఉంటుంది, వెల్డింగ్ నిప్పు తగిలితే పేలుతుంది, "ట్యాంకు జోలికి మాత్రం నేను రాను" అన్నాడు. కొత్తగా చేసేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బదులుగా చేతక్ స్కూటర్ ఇంజిన్ పక్కన ఉండే ఉబ్బెత్తు డొప్పలు నాలుగు దొరికాయి, రెండేసి ఎదురెదురుగా పెడితే అచ్చం ఎద్దు డొక్కలే. కొమ్ములకి పాత సైకిల్ హ్యాండిల్. అది పెట్టగానే టీచర్ చెప్పింది, పికాసో 1942లోనే సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేశాడని. నేను సీటు తెస్తానంటే ఒప్పుకోలేదు, "అది ఆయనది, మన ముఖం మనం వెతుక్కుందాం" అంది. చివరికి ముఖం మా అమ్మ వాడిన పాత బరువు ఇస్త్రీ పెట్టె అయ్యింది, అడుగు రేకు మూతి వైపుకి సన్నబడుతుంది కదా, బాగా కుదిరింది.

కరెంటుకి పాత కంప్యూటర్ పవర్ సప్లై వాడాం, అందరూ ఎస్‌ఎమ్‌పీఎస్ అంటారు. దానిలో ఆకుపచ్చ వైరుని ఒక నల్ల వైరుకి కలిపితే కంప్యూటర్ లేకుండానే ఆన్ అవుతుంది, పసుపు వైరులో 12 వోల్టులు, ఎరుపులో 5 వోల్టులు వస్తాయి. డబ్బా మాత్రం విప్పకూడదు, ప్లగ్ తీసేశాక కూడా లోపల కరెంటు దాచిపెట్టుకునే కెపాసిటర్లలో షాకు కొట్టే కరెంటుంటుంది. ముందు పసుపు వైరు ఇచ్చాం. ఎద్దు తల వానలో వైపర్ తిరిగినట్టు గబగబా కొట్టుకుంది, చూడ్డానికి బాధేసింది, జబ్బు చేసిన పశువులా ఉంది. బాబాయ్ ఎరుపు వైరుకి మార్చాడు. వేగం తగ్గింది, కానీ 5 వోల్టులకి బలం చాలక ఇస్త్రీ పెట్టె తల కిందకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. మేస్త్రీ ఆలోచించి మెడ వెనక వైపుకి ఒక కడ్డీ పొడిగించి, దాని చివర అరిగిపోయిన బేరింగులు ఒక్కొక్కటే గుచ్చుకుంటూ పోయాడు, త్రాసు తూచినట్టు. ఏడో బేరింగు దగ్గర తల దానంతటదే సమానంగా నిలబడింది. అప్పుడు కరెంటిస్తే మెల్లగా, గంభీరంగా ఊపింది. నేను నిజంగా దండం పెట్టాను.

ఇంకో విషయం. వైపర్ మోటార్లు చాలా వాటిలో మైనస్‌కి విడిగా వైరు ఉండదు, మోటారు ఒళ్లే మైనస్. అంటే ఇనుప ఎద్దు మొత్తం మైనస్ అన్నమాట. తల ఊగి ఊగి ప్లస్ వైరు రేకు అంచుకి రాసుకుని పై తొడుగు తెగింది, ఒక రాత్రి టప్‌మని నిప్పురవ్వ. పవర్ సప్లై తనంతట తనే ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత వైరు రేకులోంచి వెళ్లే ప్రతి చోటా సైకిల్ ట్యూబు ముక్క చుట్టాం.

బుడబుక్కలవాడు తేలిగ్గా వచ్చాడు. కారు తలుపుల సెంట్రల్ లాక్‌లో ఒక చిన్న పరికరం ఉంటుంది, కరెంటివ్వగానే కడ్డీని ఠక్కున తోస్తుంది. దాని పని క్షణంలో అయిపోవాలి, పట్టి ఉంచితే వేడెక్కి కాలిపోతుంది, ఇది తెలియక రెండు కాల్చేశాం. బాబాయ్ ఆలోచన ఏంటంటే బండ్లకి ఇండికేటర్ టిక్కుటిక్కుమనేలా చేసే ఫ్లాషర్ పెట్టి కరెంటుని తుంచి తుంచి ఇవ్వడం. ఫ్లాషర్ సరిగా కొట్టుకోవాలంటే బల్బుల లోడు కావాలి, అందుకని రెండు ఇండికేటర్ బల్బులు కళ్లుగా పెట్టాడు. స్ప్రింగు కడ్డీని వెనక్కి లాగుతుంది. దాంతో పాలపొడి డబ్బా మీద దెబ్బ పడినప్పుడల్లా కళ్లు వెలుగుతాయి, కంప్యూటరూ లేదు, ప్రోగ్రామూ లేదు. నిజం బుడబుక్కని మణికట్టు తిప్పి మోగిస్తారు, మాది కొట్టి మోగించేది, ఆ తేడా నాకు ఇప్పటికీ మనసులో ఉంది. వేడెక్కకుండా బటన్ నొక్కినప్పుడు కాసేపే కొట్టేలా పెట్టాం. చెక్క టీవీ పెట్టె ఛాతీలో జారుడు తలుపులు మూసి ఉంటాయి, పిల్లలు తెరిస్తే లోపల టీచర్ స్కూలు పిల్లలు రాసిన "జోస్యాల" చీటీలు ఉంటాయి. ఆ పెట్టెలో పిక్చర్ ట్యూబు బాబాయే తీశాడు, మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆపేసిన టీవీలో కూడా ఆ ట్యూబు చాలాసేపు హై వోల్టేజి పట్టి ఉంచుతుంది, గాజులో సీసం ఉంటుంది, తెలిసినవాళ్లు తప్ప ముట్టుకోకూడదు.

హరిదాసు దగ్గర మాత్రం మాకు చాలా రోజులు పట్టింది.

మొదట అనుకున్నది ఇది: తల మీద అక్షయపాత్ర, పిల్లలు అందులో బియ్యం పోస్తే హరిదాసు తల వంచి నమస్కారం పెడతాడు. ఇంకో వైపర్ మోటారుతో సగం కట్టేశాం కూడా. ధనుర్మాసం వచ్చింది. మా వీధికి రోజూ పొద్దున్నే ఒక హరిదాసు గారు వస్తారు, ఇప్పుడు చాలామంది బండి మీద మైకు పెట్టుకుని వస్తున్నారు గానీ ఈయన నడిచే వస్తారు. చిడతల దరువు సరిగ్గా తెలుసుకుందామని ఆయన్ని అడగాలనుకున్నాం. తిరుగుతున్నంతసేపు ఆయన హరినామం తప్ప వేరే మాట మాట్లాడరు, పాత్ర దించరు. అందుకని టీచర్, నేను ఆయన వెనకే నాలుగు వీధులు నడిచి, ఇల్లు చేరి పాత్ర దించాక, "గురువుగారూ, ఒక్కసారి మా షెడ్డుకి రాగలరా" అని అడిగాం. మర్నాడు మధ్యాహ్నం వచ్చారు.

బొమ్మని చుట్టూ తిరిగి చూసి అడిగిన మొదటి మాట, "నెత్తిన పాత్ర పెట్టి మెడ వంచితే బియ్యం ఏమవుతాయమ్మా?"

మేం నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం, పిల్లలు బియ్యం తెస్తే హరిదాసు మెడ వంచడు, మెడ నిటారుగానే ఉంచి మోకాళ్ల మీద కిందికి దిగుతాడు, పిల్లల ఎత్తుకి. అంత చూసి కూడా మాకు తట్టలేదు. ఆయన అక్కడే సిమెంటు నేల మీద దిగి చూపించారు, వెన్ను కర్రలా నిలబడి ఉంది. రెండో మాట కూడా అన్నారు. నేను ఆయన గొంతు రికార్డు చేసి బొమ్మలోంచి వినిపిద్దామనుకున్నాను. "తాళం బొమ్మ వెయ్యనీ బాబూ, నామం మనిషి అనాలి" అన్నారు. దానికి మేం తల ఊపాం.

సంక్రాంతికి పట్టుమని మూడు వారాలు లేవు. తిన్నగా పైకీ కిందకీ కదిలేది ఏముంది? ఆ రాత్రి ఇంటికి పోతూ మేస్త్రీయే ఫోన్ చేశాడు, "ఒరేయ్, కారు అద్దం!" అని. పవర్ విండో. తలుపు లోపల కత్తెరలా తెరుచుకుని మూసుకునే కడ్డీల మిషను, అద్దాన్ని ఎత్తేది దించేది అదే. అది కదిలినప్పుడు అద్దం వంకర పోదు, నిటారుగానే లేస్తుంది, నిటారుగానే దిగుతుంది. కరెంటు ఆపేసినా ఎక్కడిది అక్కడ నిలబడుతుంది. మర్నాడు పాత కార్ల తలుపులు అమ్మే చోట రెండు మిషన్లు తెచ్చాను, రెంటికీ కలిపి తొమ్మిది వందలు.

ఇక్కడ నా వల్ల ఒక నష్టం జరిగింది. నేను వీడియోలు చూసి ఆర్డుయినో అనే ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు, దాని మాట విని మోటారుకి కరెంటిచ్చే ఎల్298ఎన్ అనే డ్రైవరు కొని పెట్టుకున్నాను, అవే వాడదామని పట్టుబట్టాను. మోటారు తిరగబోయింది, డ్రైవరు లోంచి సన్నగా పొగ వచ్చింది, అయిపోయింది. బాబాయ్ కోప్పడలేదు. "అది రెండు ఆంపియర్లు మోసేది నాన్నా, ఈ మోటారు బరువు ఎత్తేటప్పుడు అంతకి ఎన్నో రెట్లు లాగుతుంది" అని చెప్పి, కార్లకి హారన్, హెడ్‌లైటు దగ్గర వాడే రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చులు, రెండు తీసుకుని, ప్లస్ మైనస్ తారుమారయ్యేలా కలిపాడు. పైన ఒకటి, కింద ఒకటి, పాడైన మైక్రోవేవ్ తలుపు దగ్గర ఉండే చిన్న స్విచ్చులు పెట్టాడు, హరిదాసు కిందికి వచ్చి స్విచ్చు తగలగానే ఆగుతాడు. కింద కాసేపు ఆగి లేవడానికి 555 టైమర్ ఐసీ, టైము లెక్కపెట్టే చిన్న చిప్పు. టేప్ రికార్డర్ల కాలం నుంచి ఆయన చేతిలో ఉన్న విద్య ఇది, ఈ మధ్య ఎవరూ అడగడం లేదు. ఆ నాలుగు రాత్రులు బాబాయ్ సోల్డరింగ్ చేస్తుంటే నేను పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాను, ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన సమయం అదే.

మైక్రోవేవ్ అన్నాను కాబట్టి చెప్పాలి, దాని లోపల పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు పట్టుకుని ఉంటుంది. మాకు బాబాయ్ ఉన్నాడు. మీకు అలాంటివాళ్లు లేకపోతే స్విచ్చు విడిగా కొనుక్కోండి, చవకే.

తర్వాత బియ్యం సమస్య. పాత్ర అడుగున స్ప్రింగు, దాని కింద స్విచ్చు పెట్టాం, గుప్పెడు బియ్యం పడితే నొక్కుకోవాలి. మొదటి గుప్పెడుకి బాగానే దిగాడు. అయిదారు గుప్పెళ్లయ్యాక ఆ బరువుకే స్విచ్చు నొక్కుకుని ఉండిపోయి, దిగడం లేవడం ఆగలేదు. మేం దీని మీద రెండు రోజులు కొట్టుకున్నాం. టీచర్ తేల్చింది: బియ్యం నిలవకూడదు, దాటిపోవాలి. పాత్ర అడుగున గరాటు, గరాటు కింద సగానికి కోసిన సీడీ ముక్క రెక్కలా వేలాడుతుంది, జారే గింజలు దాన్ని తోసి స్విచ్చు తగిలించి పైపులోంచి కిందున్న డబ్బాలో పడతాయి, రెక్క మళ్లీ తన చోటికి వస్తుంది. చిడతలకి ఇంకో సెంట్రల్ లాక్ పరికరం, దరువు హరిదాసు గారు చెప్పినట్టే, కొంచెం నిదానంగా.

ముఖం గురించి గొడవ పడ్డాం. మేస్త్రీ నట్లతో కళ్లూ ముక్కూ పెడదామన్నాడు, టీచర్ వద్దంది. ఆవిడ ఒక ఆదివారం కొండపల్లి వెళ్లి బొమ్మలు చేసేవాళ్ల దగ్గర సాయంత్రం వరకు కూర్చుని వచ్చింది. వాళ్లు తెల్ల పొణికి చెక్కతో ఒక్కో భాగం విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, కళ్లు మాత్రం చివర్లో రెండు గీతల్లో వేసేస్తారు. మా హరిదాసుకి కూడా అంతే, కుక్కర్ మూత ముఖం, దాని మీద నామం, రెండు గీతల కళ్లు. ఇనుము ఎంత వాడామో అంత తక్కువ కనపడింది, అది టీచర్ గొప్పతనం.

మొత్తం ఖర్చు నలుగురికీ కలిపి తొమ్మిది వేల చిల్లర, సగం పైన మోటార్లకే. మిగిలిన సర్క్యూట్ బోర్డులు, ఉబ్బిపోయిన లాప్‌టాప్ సెల్లులు ఒక డబ్బాలో విడిగా పెట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇచ్చాం. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్లు కనపడితే దయచేసి ఆపండి, ఆ పొగ పీల్చేది పక్కనున్న పిల్లలే.

2024 భోగి సాయంత్రం మా మేడ మీద కొలువు పెట్టాం. మూడు మెట్లు, పై మెట్ల మీద ఇంటి బొమ్మలు, కింద నేల మీద మా ముగ్గురు. పిల్లలు భోగిపళ్లు పోయించుకున్న తలలతోనే వచ్చేశారు, జుట్టులో ఇంకా రేగుపళ్లు, పూలరెక్కలు. గంగిరెద్దు ఎదుట ఒక చిన్న పాప ప్రశ్నలు అడుగుతూ ఉండిపోయింది, ప్రతిదానికీ అది తల ఊపుతుంటే వాళ్ల నాన్నతో "దీనికి అన్నీ తెలుసు" అని చెప్పింది. హరిదాసు దిగినప్పుడు పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. చిడతలు మొదలయ్యాయి. నామం ఎవరు అనాలో మేం ఎవరికీ చెప్పలేదు. ఒక పిల్లాడు మొదలుపెట్టాడు, తర్వాత అందరూ అందుకున్నారు, రాత్రి తొమ్మిదింటి దాకా ఆపలేదు.

పండగ రోజు మధ్యాహ్నం నెల రోజుల తిరుగుడు ముగించుకుని హరిదాసు గారు మేడ ఎక్కి వచ్చారు. పాత్ర లేదు, చేతిలో సంచి ఉంది. కాసేపు చిడతల దరువు విని, వేలితో తొడ మీద తాళం వేసుకుని చూసుకున్నారు. తర్వాత సంచిలోంచి గుప్పెడు బియ్యం తీసి బొమ్మ నెత్తిన పాత్రలో పోశారు. అది మెడ వంచకుండా, నిటారుగా, ఆయన ముందు కిందికి దిగింది. ఆయన రెండు చేతులూ జోడించారు.

కింద డబ్బాలో చేరిన బియ్యం నాలుగు కిలోల పైన ఉన్నాయి, ఆయన సంచిలోనే పోశాం. బొమ్మలు ఇప్పుడు మేస్త్రీ షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నాయి. వానలు పడేలోపు ఎద్దు డొక్కలకి తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూయాలి, బుడబుక్కలవాడి ఫ్లాషర్ కూడా మార్చాలి, కొట్టుకోవడం మందగించింది. బాబాయ్ కొట్లో బల్ల మీద నిన్నటి నుంచి ఒక పాత ప్రింటరు విప్పి ఉంది. లోపలి బండి పట్టాల మీద ఆ చివర నుంచి ఈ చివరకి గబుక్కున వచ్చి ఆగుతోంది, ఆ నడక ఎవరిదో ఇంకా తేలలేదు.